చెప్పులో రాయి ఉన్నట్టే ఉంటుంది, దులిపితే ఏమీ రాదు. ఇది ఎముక వల్లేనా?

కెమిస్ట్రీ_మేడమ్
మూడు నెలలుగా కుడి అరికాలి ముందు భాగంలో, సరిగ్గా మెట్టెల వేలి మొదలు కింద నొప్పి. చెప్పులో చిన్న రాయి దూరినట్టు ఉంటుంది. క్లాసు మధ్యలో బల్ల చాటుకి వెళ్ళి చెప్పు విప్పి దులుపుతాను. ఏమీ రాలదు. మళ్ళీ వేసుకుని నాలుగడుగులు వేస్తే రాయి అక్కడే. ఆ చోట చర్మం రూపాయి బిళ్ళంత మేర గట్టిపడి పసుపుపచ్చగా తయారైంది.

జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తాను, రోజుకి ఐదు గంటలు నిలబడే ఉంటాను. వయసు 43. షుగర్ లేదు, పోయిన నెలే పరీక్ష చేయించుకున్నాను. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, "బొటనవేలి వెనక ఉండే పొడుగు ఎముక మీకు పక్కదానికంటే పొట్టిగా ఉంది, బరువు రెండోదాని మీద పడుతోంది" అన్నారు. మాత్రలు రాసి మెత్తటి చెప్పులు వాడమన్నారు. మూడు నిమిషాల్లో బయటికి వచ్చేశాను.

నా అనుమానం ఇది. పుట్టినప్పటి నుంచీ నాకు ఇవే ఎముకలు కదా. ఇన్నేళ్ళు చప్పుడు లేకుండా మోసినవి ఇప్పుడెందుకు మొరాయిస్తున్నాయి? ఎముకే పొట్టిదైతే ఇక జీవితాంతం ఇంతేనా? ఆపరేషన్ దాకా వెళ్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

తణుకు_తాతబ్బాయి
మెట్టెల వేలు బొటనవేలికంటే పొడుగ్గా ఉందా మేడమ్? మా నాయనమ్మ పెళ్ళిచూపుల్లో ముందు పాదాలే చూసేది. ఆ వేలు పొడుగైతే ఇంట్లో పెత్తనం ఆ పిల్లదే అని.

కెమిస్ట్రీ_మేడమ్
పొడుగే. మా అమ్మకీ అంతే, మా చెల్లికీ అంతే. పెత్తనం ముగ్గురికీ ఉంది గానీ నొప్పి నా ఒక్కదానికే వచ్చింది. అదెందుకో కూడా ఎవరైనా చెప్పండి.

ఫిజియో_ఓరుగల్లు
మంచి ప్రశ్న అడిగారు. కాస్త వివరంగా చెప్తాను.

పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు. ఊరికే నిలబడినప్పుడు ఒంటి బరువులో సుమారు 60 శాతం మడమల మీదే ఉంటుంది. మిగతాది చాలావరకు వేళ్ళ మొదళ్ళ మీద పడుతుంది. నడిచేటప్పుడు మడమ లేచిందంటే ఆ కాసేపూ మనిషి మొత్తం ముందు భాగం మీదే ఉన్నట్టు. అక్కడ ఐదు పొడుగు ఎముకల తలలు నేలకి ఆనతాయి, వీటినే మెటాటార్సల్స్ అంటాం. బొటనవేలిది అన్నిటికంటే లావు. దాని తల కింద శనగ గింజంత చిన్న ఎముకలు రెండు ఉంటాయి. పాత లెక్కలో బరువుని ఆరు వాటాలు చేస్తే బొటనవేలి ఎముకకి రెండు, మిగతా నాలుగింటికి తలా ఒకటి.

పల్లకీ మోసేవాళ్ళని ఊహించుకోండి. అందరిలోకీ బలమైనవాడే పొట్టిగా ఉంటే కొమ్ము పక్కవాడి భుజం మీద దిగబడుతుంది. మీకు జరిగింది అదే. పైగా రెండో ఎముక వెనక కొన మిగతా ఎముకల మధ్య మేకు దిగినట్టు బిగిసి ఉంటుంది. మొదటిదీ, ఐదోదీ కాస్త పైకీ కిందికీ కదిలి సర్దుకుంటాయి. ఇది కదలదు, పడిందంతా తనే మోస్తుంది. చర్మం గట్టిపడటం కూడా అక్కడ ఒత్తిడి ఎక్కువైందనే గుర్తు.

ఇంకో మాట. వేలు పొడుగ్గా కనపడటం వేరు, వెనక ఎముక పొడుగు వేరు. వేళ్ళు కిందికి మడిచి పైనుంచి కణుపులు చూడండి. రెండో కణుపు మొదటిదానికంటే ముందుకి పొడుచుకొస్తే ఎముకే పొడుగు. కణుపులు వరసలోనే ఉండి వేలి కొన మాత్రమే ముందుకుంటే అది వేలి పొడుగే, నాయనమ్మల పరీక్షకి తప్ప దేనికీ పనికిరాదు.

మొదటి ఎముక పొట్టిగా ఉండటమే పాదాల నొప్పికి మూలం అని గట్టిగా వాదించింది డడ్లీ మోర్టన్ అనే అమెరికన్ డాక్టరు, 1930ల్లో. వేళ్ళ మధ్య నరం ఉబ్బే జబ్బుకి పేరిచ్చిన మోర్టన్ వేరే ఆయన, థామస్ మోర్టన్, 1876 నాటి మనిషి. ఇద్దర్నీ కలిపేసి రాస్తుంటారు, జాగ్రత్త.

సివిల్_కాకినాడ
ఫిజియో గారు చెప్పిన నిర్మాణం వరకు ఒప్పుకుంటాను, తీర్పు మాత్రం ఒప్పుకోను. మోర్టన్ మాట అప్పట్లో చాలామంది నమ్మారు. తర్వాత కెనడా సైన్యంలో హారిస్, బీత్ అనే ఇద్దరు డాక్టర్లు వేల మంది సైనికుల పాదాలు కొలిచారు. 1949లో వాళ్ళు రాసింది ఏమిటంటే, మొదటి ఎముక పొట్టిగా ఉన్నవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు, దానికీ నొప్పికీ సంబంధం కనపడలేదు అని.

నేను కట్టడాల మనిషిని. పిల్లర్ పక్కకి ఉందంటే లోడు ఎటు పోతుందో చెప్పగలను. బీటలు ఎప్పుడు వస్తాయో ఆ ఒక్కదాన్నిబట్టే చెప్పలేను. పైన అంతస్తు వేశారా, కింద నేల మారిందా అని అడుగుతాను. మేడమ్, మీ ఎముక మారలేదని మీరే అన్నారు. మరి ఈ ఆరు నెలల్లో మారిందేమిటి? చెప్పులా, బరువా, నేలా, నడకా?

ఫిజియో_ఓరుగల్లు
దీనికి నా అభ్యంతరం లేదు. ఎముక వల్ల తప్పకుండా నొప్పి వస్తుందని నేననలేదు. వస్తే ఎక్కడ వస్తుందో అది చెప్తుంది. మీరడిగిన ప్రశ్న నేను ముందే అడగాల్సింది.

కెమిస్ట్రీ_మేడమ్
మీరు అడిగాక కూర్చుని రాసుకుంటే నాకే ఆశ్చర్యంగా ఉంది.

జూన్‌లో మా కాలేజీ కొత్త బిల్డింగ్‌కి మారింది. పాత దాంట్లో బోర్డు కింద చెక్క వేదిక ఉండేది, ఇక్కడ గ్రానైట్. అప్పుడే కొత్త చెప్పులు కొన్నాను, అట్టముక్కలా పల్చగా ఉంటాయి, ముందు సన్నగా ఉంటాయి. రెండేళ్ళలో ఆరు కిలోలు పెరిగాను, తగ్గాలని పొద్దున్నే ఐదు కిలోమీటర్ల నడక మొదలుపెట్టాను, అదీ ఒకేసారి. ఆగస్టులో అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కాం, 3,550 మెట్లు, చెప్పుల్లేకుండా. మర్నాడు పొద్దున్నే ఈ రాయి మొదలైంది.

సివిల్_కాకినాడ
అంతస్తూ వేశారు, నేలా మారింది.

సాగరతీరం_రన్నర్
భయపెట్టాలని కాదు గానీ ఒకటి చూసుకోండి. నాకు సరిగ్గా అదే ఎముక, రెండోది, విరిగింది. బీచ్ రోడ్డులో హాఫ్ మారథాన్‌కని వారానికి 20 కిలోమీటర్ల నుంచి 45కి ఎగబాకాను. ముందు కాస్త లాగినట్టు ఉండేది. తర్వాత పాదం పైన వాచింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, నేను పరిగెత్తుతూనే ఉన్నాను. మూడు వారాలకి మళ్ళీ తీస్తే ఎముక చుట్టూ తెల్లగా కొత్త ఎముక కట్టింది, సన్నటి గీత కనపడింది. సైన్యంలో కొత్తగా చేరి మైళ్ళకొద్దీ కవాతు చేసేవాళ్ళకి వస్తుందని దీన్ని మార్చ్ ఫ్రాక్చర్ అంటారట. 1855లోనే ప్రష్యా సైనిక డాక్టరు ఒకాయన రాశాడు.

పాదం పైనుంచి ఎముక మీద ఒక్కచోట వేలితో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉందా? వాపుందా? ఉంటే నడక ఆపి మళ్ళీ చూపించుకోండి.

కెమిస్ట్రీ_మేడమ్
పైన నొక్కితే ఏమీ లేదు, వాపూ లేదు. కింద నుంచి నొక్కితేనే నొప్పి. మీరు చెప్పాక మూడుసార్లు నొక్కి చూసుకున్నాను.

మాల_మడమ
నాది ముందు కాదు, వెనక. పోయిన కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాను, 41 రోజులు చెప్పుల్లేవు. శబరిమల నుంచి వచ్చిన వారానికి మొదలు. పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టు. పది అడుగులు వేశాక తగ్గుతుంది. మధ్యాహ్నం భోంచేసి లేస్తే మళ్ళీ. ఎక్స్‌రేలో మడమ ఎముకకి ముల్లు పెరిగిందన్నారు. ఆ ముల్లు కోయించుకుంటే పోతుందని ఒకాయన, కోయించుకోవద్దని ఇంకొకాయన.

ఫిజియో_ఓరుగల్లు
కోయించుకోకండి, తొందరేం లేదు. ముల్లు ఉండి నొప్పి లేనివాళ్ళు కోకొల్లలు. నొప్పి అరికాలి కింద మడమ నుంచి వేళ్ళ దాకా ఉండే గట్టి పట్టీది, ప్లాంటార్ ఫాషియా అంటారు. ఇది విల్లుకి నారిలాంటిది. బొటనవేలు పైకి వంగినప్పుడు ఈ నారి బిగిసి పాదం వంపు పైకి లేస్తుంది. కూర్చున్న చోటే బొటనవేలు చేత్తో పైకి లాగి చూడండి, వంపు లేవడం కంటికి కనపడుతుంది. అలా ప్రతి అడుగుకీ బిగుస్తుంది. ఏళ్ళ తరబడి చెప్పుల్లో తిరిగిన పాదాన్ని ఒక్కసారిగా 41 రోజులు తారు రోడ్డు మీద తిప్పారు. అది మొదలయ్యే చోట, మడమ దగ్గర, దెబ్బతింది.

మంచం దిగకముందే చేయాల్సింది: కాలు రెండో మోకాలి మీద వేసుకుని వేళ్ళు పైకి లాగి పది లెక్కపెట్టండి. పదిసార్లు. రోజుకి మూడు పూటలు. మొదటిది మొదటి అడుగుకి ముందే పడాలి. దాంతోపాటు మెట్టు అంచున నిలబడి, వేళ్ళ కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, మడమలు మెల్లగా లేపి మెల్లగా దించాలి. ఇది రోజు విడిచి రోజు. వారంలో తగ్గదు, నెలలు పడుతుంది. ఓపిక పట్టండి, ఎక్కువమందికి ఏడాదిలోపు తగ్గిపోతుంది. ఇంట్లో టైల్స్ మీద ఒట్టికాళ్ళతో తిరగొద్దు.

మట్టిపాదం
చెప్పులే వేసుకోకపోతే ఈ రోగాలేవీ రావు. మా తాత జీవితంలో చెప్పు తొడగలేదు, ఎనభై ఏళ్ళ వయసులో పొలంగట్టు మీద పరుగెత్తేవాడు. పాదాన్ని చెప్పులో పెట్టి మనమే పాడుచేసుకుంటున్నాం.

గుంటూరు_కారం
మీ తాత నడిచింది మట్టి మీద అన్నా. మేడమ్ నిలబడేది గ్రానైట్ మీద.

మట్టిపాదం
అది నిజమే. కానీ పుట్టినప్పటి నుంచీ ఒట్టికాళ్ళ మనిషి పాదం వేరుగా ఉంటుందని శాస్త్రం కూడా చెప్తోంది. 2009లో బెల్జియం వాళ్ళు మన దక్షిణ భారతానికే వచ్చి చెప్పుల్లేనివాళ్ళ పాదాలు, చెప్పులు వేసుకునే మనవాళ్ళ పాదాలు, వాళ్ళ దేశస్థుల పాదాలు పోల్చి చూశారు. చెప్పుల్లేనివాళ్ళ పాదం ముందు వెడల్పుగా ఉంది, ఒత్తిడి పాదమంతా సమానంగా పరుచుకుంది. మా తాత పాదం నాకిప్పటికీ కళ్ళముందుంది. వేళ్ళ మధ్య సందులుండేవి, విసనకర్రలా పరుచుకునేది.

సివిల్_కాకినాడ
ఇది మంచి విషయం చెప్పారు. కానీ అది జీవితకాలంలో తయారైన పాదం. మాల వేసుకున్న తమ్ముడికి 41 రోజుల్లో ఆ పాదం ఎలా వస్తుంది? కాంక్రీటుకైనా లెక్క ప్రకారం బలం రావడానికి 28 రోజులు కావాలి, ఆ లోపు లోడు పెడితే ఎవరిది తప్పు?

మట్టిపాదం
ఒప్పుకున్నాను. మెల్లగా అలవాటు చేయాలి, మట్టి మీద చేయాలి.

కానిస్టేబుల్_కల
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. బాత్‌రూమ్ నుంచి తడికాళ్ళతో వస్తే నా అడుగు నిండుగా పడుతుంది, మధ్యలో ఖాళీ ఉండదు. పోలీసు నోటిఫికేషన్‌లో ఫ్లాట్ ఫుట్ ఉంటే పనికిరారని రాసుంది. 1600 మీటర్లు బాగానే పరిగెడుతున్నాను, నొప్పి అనేదే లేదు. రాత్రులు నిద్ర పట్టడం లేదు. వంపు తెప్పిస్తామని యూట్యూబ్‌లో ఒకడు బూట్లో వేసుకునే అట్టలు అమ్ముతున్నాడు, ఆరు వేలు.

ఫిజియో_ఓరుగల్లు
ఆ ఆరు వేలు జేబులోనే ఉంచుకో తమ్ముడూ. అట్ట పెట్టుకున్నంతసేపూ ఆసరా ఉంటుంది, తీస్తే పాదం నీదే. పెద్దవాళ్ళ ఎముకకి కొత్త వంపు తెచ్చే అట్ట లేదు.

ముందు ఇది చెయ్యి. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లే. వెనక నుంచి ఎవరినైనా చూడమను. వంపు లేచి, మడమలు లోపలివైపు తిరిగితే నీది మెత్తని ఫ్లాట్ ఫుట్, కీళ్ళు ఆడుతున్నాయన్నమాట. మునివేళ్ళ మీద లేచినా చదునుగానే ఉండి మడమ కదలకపోతే లోపల ఎముకలు అతుక్కుని ఉండొచ్చు, డాక్టరుకి చూపించాలి. పైన చెప్పిన కెనడా డాక్టర్లే ఇంకో సంగతి పట్టుకున్నారు. చదును పాదం ఉన్నవాళ్ళలో ఎక్కువ బాధపడేది పిక్క కండరాన్ని మడమకి కట్టే తాడులాంటి పట్టీ, అకిలిస్ అంటారు, అది పొట్టిగా బిగిసినవాళ్ళే అని. గొంతుక్కూర్చుంటే నీ మడమలు నేలకి ఆనుతున్నాయా? ఆనితే అది మంచి సంగతే.

పోలీసు ఎంపిక బోర్డు ఏమంటుందో నేను చెప్పలేను. ఎంపిక వైద్య పరీక్షలోపే ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల విభాగంలో చూపించుకుని నీకున్నది ఏ రకమో తెలుసుకుని వెళ్ళు.

కానిస్టేబుల్_కల
ఇప్పుడే లేచి చూశాను, మా అన్న వీడియో తీశాడు. వంపు లేచింది, మడమలు లోపలికి తిరిగాయి. గొంతుక్కూర్చుంటే ఆనుతున్నాయి. ఇవాళ నిద్రపోతాను.

డల్లాస్_బుజ్జి
మా బాబుకి నాలుగేళ్ళు, అరికాలు పూరీలా చదునుగా ఉంటుంది. ఇక్కడ షూలు లేకుండా బయటికి పంపరు. ఇప్పటి నుంచే వంపు ఉన్న షూలు కొనాలా?

ఫిజియో_ఓరుగల్లు
వద్దమ్మా. ఆ వయసులో వంపు ఉండాల్సిన చోట కొవ్వు దిండు ఉంటుంది, ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. ఆరేడేళ్ళు, కొందరికి పదేళ్ళు వచ్చేదాకా వంపు ఏర్పడుతూనే ఉంటుంది. మన దగ్గరే, కర్ణాటకలో కస్తూర్బా మెడికల్ కాలేజీ డాక్టర్లు 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి 1992లో ప్రచురించారు. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతానికి చదును పాదాలు, వేసుకోని పిల్లల్లో 2.8 శాతానికే. ముందు మూసేసిన బూట్లు వేసుకునేవాళ్ళలో మరీ ఎక్కువ. ఇంట్లో, గడ్డి మీద, ఇసుకలో ఒట్టికాళ్ళతో ఆడనివ్వండి. నొప్పని ఏడిస్తేనో, ఒక కాలే చదునుగా ఉంటేనో చూపించండి.

మట్టిపాదం
నేనేం చెప్పాను!

గజ్జె_అడుగు
విజయవాడలో కూచిపూడి నేర్పిస్తాను. మీరంతా చదును పాదాల గురించి మాట్లాడుతున్నారు, నాది దానికి పూర్తిగా తిరుగు. ఎర్ర గచ్చు మీద తడికాలు పెడితే ముందొక ముద్ద, వెనకొక ముద్ద, మధ్యలో దారమంత గీత కూడా పడదు. అందరూ అందమైన పాదం అంటారు. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడినప్పుడు చూసేవాళ్ళు ముచ్చటపడతారు. కానీ ఇరవై ఏళ్ళుగా మడమా, బొటనవేలి మొదలూ రెండూ నన్ను ఏడిపిస్తున్నాయి. నా పక్కన నాట్యం నేర్చుకున్న అమ్మాయిది చదును పాదం. మా మాస్టారు ఆమెని రోజూ తిట్టేవారు, ఆమెకి ఈ రోజుకీ ఏ నొప్పీ లేదు.

సివిల్_కాకినాడ
మీ పాదం నేలని తాకే చోటు తక్కువ. బరువు అదే, చోటు సగమైతే ఒత్తిడి రెట్టింపు. పైగా అంత ఎత్తు వంపు గట్టిగా ఉంటుంది, అదురుని మింగదు.

గట్టిదనం అంటే గుర్తొచ్చింది. అందరూ నిలువు వంపే అంటారు గానీ పాదానికి అడ్డంగా కూడా ఒక వంపుంది. పది రూపాయల నోటు ఒక అంచు పట్టుకుంటే రెండో అంచు వేలాడిపోతుంది. అదే నోటుని పట్టుకున్న చోట కాస్త గాడిలా వంచి పట్టుకోండి, కర్రలా నిలబడుతుంది. పాదంలో కూడా ఇదే జరుగుతుందని మధుసూదన్ వెంకటేశన్, మరికొందరు 2020లో నేచర్ పత్రికలో చూపించారు. పాదం గట్టిదనంలో 40 శాతానికి పైగా ఈ అడ్డ వంపు వల్లే వస్తుందట. నిలువు వంపు లేని చదును పాదం వాళ్ళు చక్కగా పరిగెత్తడం చూసి నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండేది. ఇది చదివాక కాస్త అర్థమైంది.

గజ్జె_అడుగు
నోటుతో ఇప్పుడే చేశాను. రేపు పిల్లలకి చూపిస్తాను. నాకు ఉపశమనం ఇచ్చింది మాత్రం నేలే. సిమెంటు గచ్చు మీద చెక్క పలకలు వేయించాను, కింద సన్న రీపర్లు పెట్టి. అడుగు కొడితే చప్పుడు మారిపోయింది, సాయంత్రానికి మడమ మంట సగమైంది. చిన్నపిల్లలతో గచ్చు మీద మూడో కాలం, అంటే బాగా వేగంగా పడే అడుగులు, కొట్టించడం పూర్తిగా మానేశాను. ఇది ముప్పై ఏళ్ళ కింద మా గురువులకి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఫిజియో_ఓరుగల్లు
మీ వంపు చిన్నప్పటి నుంచీ ఇంతే కాబట్టి సరే. ఎవరికైనా వయసు పెరిగేకొద్దీ వంపు పెరుగుతుంటే, లేదా ఒకే కాలికి పెరుగుతుంటే, నరాల డాక్టరుకి తప్పక చూపించండి. నరాల జబ్బు పాదంలో ముందు బయటపడుతుంది.

గుంటూరు_కారం
ఇక్కడ అందరూ నొప్పి గురించి మాట్లాడుతున్నారు. మా నాన్నకి నొప్పి లేకపోవడమే పెద్ద కష్టమైంది. పద్నాలుగేళ్ళ షుగర్. ఒక సాయంత్రం ఆయన బజారు నుంచి వచ్చి హాల్లో నడుస్తుంటే అమ్మ కేక పెట్టింది. టైల్స్ మీద అడుగడుక్కీ ఎర్ర చుక్క. చెప్పు కింద నుంచి సీల ఒకటి దిగి అరికాల్లోకి పోయింది. పొద్దున్న ఎప్పుడో దిగింది. రోజంతా దాని మీదే నడిచాడు. "నాకేం తెలీలేదే" అన్నాడు, ఆ మాట ఇంకా చెవుల్లో ఉంది. పుండు మానడానికి ఐదు నెలలు పట్టింది. అది బొటనవేలి ఎముక తల కిందే, బరువు పడే చోటే.

మేడమ్‌కి ఆ రాయి నొప్పి ఉండటం ఒక రకంగా అదృష్టం.

ఫిజియో_ఓరుగల్లు
మీరు ఇది రాసినందుకు చాలా థాంక్స్. షుగర్ ఉన్నవాళ్ళు రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోవాలి, కనపడకపోతే కింద అద్దం పెట్టుకుని. ఏడాదికొకసారి 10 గ్రాముల సన్నటి నైలాన్ దారంతో స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. పాదం ఎర్రగా వేడిగా వాచి నొప్పి మాత్రం పెద్దగా లేకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, లోపల ఎముకలు కుంగి ఆకారమే మారిపోతుంటాయి.

మన దగ్గర మందుల షాపుల పక్కన అమ్మే ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు ఉన్నాయి కదా, ఆ రబ్బరు కథ వెల్లూరుది. కుష్ఠు రోగుల పాదాలు కుళ్ళిపోవడం రోగం వల్లే అని అందరూ అనుకునే రోజుల్లో, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేసిన పాల్ బ్రాండ్ డాక్టరు గారు, నొప్పి తెలియక ఒకే చోట బరువు వేస్తూ నడవడం వల్లే పుండ్లు పడుతున్నాయని నిరూపించారు. ఒత్తిడి పరుచుకునేలా మెత్తటి రబ్బరు చెప్పులు చేయించారు. బరువు ఎక్కడ పడుతోంది అన్న ఒక్క ప్రశ్న ఎన్ని కాళ్ళని కాపాడిందో.

కెమిస్ట్రీ_మేడమ్
గుంటూరు గారూ, మీ నాన్నగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇప్పుడెలా ఉన్నారు?

గుంటూరు_కారం
బాగున్నారు మేడమ్. రాత్రి అన్నం తిన్నాక కాళ్ళు నా ఒళ్ళో పెడతారు, టార్చి వేసి చూస్తాను.

సోలు_అట్ట
మా నాన్న బస్టాండు దగ్గర నలభై ఏళ్ళు చెప్పులు కుట్టాడు, నేను ఇప్పుడు షాపు నడుపుతున్నాను. మనిషిని చూడకుండానే చెప్పు తిరగేసి చెప్పేవాడు, ఈయనకి ఫలానా చోట నొప్పి ఉంటుందని. సోలు బయటి అంచు అరిగితే ఎత్తు వంపు, లోపలి అంచు అరిగితే చదును. మేడమ్ చెప్పు లోపలి అట్ట చూస్తే రెండో వేలి కింద గుంట పడి నల్లగా మెరుస్తూ ఉంటుంది, పందెం.

మెత్తటి చెప్పు కొంటే సరిపోదు. మెత్తదనం మీద కూడా ఆ ఎముకే ముందు దిగుతుంది. చేయాల్సింది ఇది. నొప్పి ఉన్న చోట తడి కుంకుమ బొట్టు పెట్టుకోండి. చెప్పులో కాలు పెట్టి ఒక్కసారి నిలబడి తీసేయండి. అట్ట మీద ఎర్ర మచ్చ పడుతుంది. రబ్బరు ముక్క, కన్నీటి చుక్క ఆకారంలో, మందం ఐదారు మిల్లీమీటర్లు చాలు. దాన్ని ఆ మచ్చ మీద అంటించకూడదు, మచ్చకి వెనక, మడమ వైపు అంటించాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. మచ్చ మీద అంటిస్తే రాయి ఇంకా పెద్దదవుతుంది. వెనక అంటిస్తే ఎముక మెడని కింద నుంచి లేపుతుంది, తల మీద బరువు తగ్గుతుంది. ముందు టేపుతో అతికించి రెండు రోజులు నడవండి, కుదిరాక సొల్యూషన్ వేయండి.

ఫిజియో_ఓరుగల్లు
నేను ఇంత బాగా చెప్పలేకపోయేవాణ్ణి. మేము చేసేదీ ఇదే. షుగర్‌తో స్పర్శ పోయినవాళ్ళు మాత్రం ఇలా సొంతంగా అంటించుకోవద్దు.

కెమిస్ట్రీ_మేడమ్
చెప్పు తిరగేశాను. గుంట ఉంది, నల్లగా మెరుస్తోంది. పందెం మీరే గెలిచారు.

తణుకు_తాతబ్బాయి
అయ్యా సోలు గారూ, మా నాయనమ్మ పాదాలు చూసి పెత్తనం చెప్పేది, మీ నాన్నగారు చెప్పులు చూసి నొప్పి చెప్పేవారు. మీవాళ్ళ శాస్త్రమే గట్టిది.

కెమిస్ట్రీ_మేడమ్
ఏడు వారాలైంది, చెప్పి వెళ్దామని వచ్చాను.

కుంకుమ పద్ధతి రెండోసారికి కుదిరింది. మొదటిసారి మరీ వెనక్కి పెట్టాను, వంపులో పొడిచింది. ఒక కణుపంత ముందుకి జరిపాక రాయి లేదు. నిజంగా లేదు, ఆ రోజు మూడో పీరియడ్ అయ్యాక గుర్తొచ్చింది చెప్పు దులపలేదని. ముందు వెడల్పున్న చెప్పులు కొన్నాను. బోర్డు కింద పాత చాప మడిచి వేయించాను, పిల్లలు మేడమ్ చాప అని దానికి పేరు పెట్టారు. నడక రెండు కిలోమీటర్లకి తగ్గించి వారానికి కాస్త కాస్త పెంచుతున్నాను. పిక్కలు సాగదీసే వ్యాయామం రోజూ చేస్తున్నాను. చర్మం గట్టిపడిన చోటు పావలా బిళ్ళంతకి తగ్గింది. ఐదు గంటలు నిలబడ్డ రోజు సాయంత్రం ఇంకా కొంచెం తెలుస్తూనే ఉంది.

సంక్రాంతికి అమ్మ, చెల్లి వచ్చారు. వరండాలో ముగ్గురం తడికాళ్ళతో నిలబడ్డాం. మూడు ముద్రలూ ఒకటే, ఏది ఎవరిదో పోల్చుకోలేకపోయాం. అమ్మ జీవితమంతా వెడల్పు హవాయి చెప్పులే వేసుకుంది. చెల్లి బ్యాంకులో కూర్చుని చేసే ఉద్యోగం. నిలబడేది నేనొక్కదాన్నే.

సివిల్_కాకినాడ
ఆ ముద్రల ఫోటో తీయాల్సింది.

కెమిస్ట్రీ_మేడమ్
తీసేలోపే ఆరిపోయాయి.

మాల_మడమ
నాకు మూడో నెల. పొద్దున్న మేకు ఇప్పుడు ముల్లంత అయింది. తువ్వాలు పెట్టి మడమలు లేపేది ఒక కాలితోనా, రెండు కాళ్ళతోనా?

ఫిజియో_ఓరుగల్లు
రెండు కాళ్ళతో మొదలుపెట్టండి, పన్నెండుసార్లు తేలికైపోయాక ఒక కాలికి మారండి. లేవడానికి మూడు లెక్క, పైన రెండు, దిగడానికి మూడు.